భిలాయి ఇళ్లలో సముద్రపు తొట్టి

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంను, అందునా పగడపు దిబ్బను పోలిన రీఫ్ తొట్టిని, ఏళ్ల తరబడి నిలబెట్టదలచినవారు చేపల రంగుల గురించి ఆలోచించే ముందు నీటి గురించి ఆలోచించవలసి ఉంటుంది. రైలు మార్గాన సముద్రానికి 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న భిలాయిలో ఆ నీరంతా ఇంట్లోనే తయారు కావాలి. తయారైన నీరు మే నెల ఎండకూ, జులై ఉక్కపోతకూ, జనవరి చలికీ చెడకుండా ఒకే తీరున నిలవాలి. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సముద్రం కొత్తది కాదు గానీ, ఒడ్డున పెరిగిన పరిచయం ఒక్కటే తొట్టి నిర్వహణకు చాలదు.

పగడం చూపుకు రాయిలాగానో మొక్కలాగానో కనిపించినా అది జంతువే. పాలిప్‌లు అనే మెత్తని చిన్న జీవులు వేల సంఖ్యలో ఒకచోట చేరి, సముద్రపు నీటిలోని కాల్షియంను, కార్బొనేటును కలిపి తమ అడుగున సున్నపు గూళ్లు కట్టుకుంటాయి. ఆ గూళ్లు తరతరాలుగా పేరుకుని దిబ్బలవుతాయి. పాలిప్ కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు, అంటే అతి సూక్ష్మమైన నాచు జాతి జీవులు, నివసిస్తూ సూర్యకాంతితో తయారుచేసిన ఆహారంలో అధిక భాగాన్ని తమకు చోటిచ్చిన పాలిప్‌కు అందిస్తాయి. నీరు అక్కడి వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడితో కొన్ని వారాలు నిలిచిపోతే ఈ పొత్తు చెడుతుంది; శైవలాలు వెళ్లిపోయి, పగడం తెల్లబారి, వేడి తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాలలో భారత తీరపు దిబ్బలలో ఈ తెల్లబారుడు కనిపించింది. ప్రపంచమంతటా నాలుగో విడత తెల్లబారుడు సాగుతున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

భారతదేశంలో పెద్ద దిబ్బలు కచ్ సింధుశాఖలోను, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం ప్రాంతంలోను, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల చుట్టూను ఉన్నాయి. గోదావరి, కృష్ణా నదులు ఏటా మోసుకొచ్చే ఒండ్రు, వరదనీరు కలిసే ఆంధ్ర తీరంలో అటువంటి విశాలమైన దిబ్బలు ఏర్పడలేదు. పగడానికి కాంతి చొరబడే తేట నీరు, మారని ఉప్పదనం, పోషకాలు తక్కువగా ఉండే స్థితి కావాలి. తొట్టిని సాకేవారి పనంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

తొట్టి కొనకముందే తెలుసుకోవలసినది చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులోకి 2001 జులైలో దిబ్బలు కట్టే రాతి పగడాలను, నల్ల పగడాన్ని, సముద్రపు విసనకర్రలను, నీటిగుర్రాలను, సముద్ర దోసకాయలను చేర్చారు. భిలాయి మైత్రీ బాగ్ జంతుప్రదర్శనశాలలోని తెల్లపులికి ఏ రక్షణ ఉన్నదో రాతి పగడానికీ అదే రక్షణ ఉన్నదని దీని అర్థం. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ఈ షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. సముద్రం నుంచి పెరికి తెచ్చిన జీవంతో కూడిన రాయిని 'లైవ్ రాక్' పేరిట అమ్మినా, ఎండిన పగడపు ముక్కను అలంకారంగా అమ్మినా పరిస్థితి ఇదే. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటిస్ జాబితాలోని విదేశీ జీవులను ఉంచుకున్నవారు ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు వెలువడ్డాయి. విదేశాల నుంచి వచ్చిందని చెప్పే పగడాన్నైనా, కాగితాలు చూసి అటవీ శాఖను అడిగిన తరువాతే ముట్టుకోవాలి. నిజానికి రాతి పగడం లేకుండానే చక్కని రీఫ్ తొట్టి సాధ్యమవుతుంది: కృత్రిమంగా చేసిన సున్నపు రాయి, దాని మీద క్రమంగా పాకే గులాబీ రంగు కొరలైన్ నాచు, నత్తలు, రొయ్యలు, హేచరీలో పుట్టిన చేపలు చాలు. సముద్రానికి నష్టం చేయని తొట్టే ఇంట ఉంచదగినది. చట్టం లేకపోయినా ఈ మాట నిలుస్తుంది.

ఇక నీరు. భిలాయి టౌన్‌షిప్‌కు వచ్చే నీరు తాందులా, గంగ్రేల్ వంటి జలాశయాల నుంచి కాలువల మీదుగా మరోదా జలాశయానికి చేరి, శుద్ధి అయి కుళాయిలకు వస్తుంది. మనుషులు తాగడానికి తగిన ఆ నీటిలో క్లోరిన్ ఉంటుంది, సిలికా ఉంటుంది, ఋతువును బట్టి మారే ఇతర లవణాలు ఉంటాయి. తొట్టిలోకి నేరుగా పోస్తే క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది, సిలికా గోధుమరంగు డయాటమ్ నాచును పెంచుతుంది. అందుచేత కార్బన్ వడపోత, ఆర్‌ఓ పొర, ఆ తరువాత డీఐ రెసిన్ అనే మూడు దశలు దాటిన నీటిని వాడాలి. డీఐ అంటే ఆర్‌ఓ పొర దాటి వచ్చిన మిగులు అయాన్‌లను పట్టి ఉంచే రెసిన్ గుళికల దశ; అది దాటిన నీటిలో, కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి, ఒకటో రెండో చూపిస్తే రెసిన్ మార్చే వేళ వచ్చినట్టే.

వంటింటి ఆర్‌ఓ యంత్రం ఉన్నది కదా అని చాలామంది ఇక్కడే పొరబడతారు. తాగునీటి రుచి కోసం ఆ యంత్రాలలో అనేకం శుద్ధి చేసిన నీటిలో కొంత ముడి నీటిని తిరిగి కలుపుతాయి, లేదా ఖనిజాలు చేర్చే గొట్టం గుండా పంపుతాయి. కొన్నింటిలో ఆరోగ్యం పేరిట రాగిని ప్రత్యేకంగా కలిపే అమరిక కూడా ఉంటుంది. వెన్నెముక లేని సముద్ర జీవులకు రాగి స్వల్ప మోతాదులోనే విషం. రొయ్యలు ఒక్కొక్కటే ఎందుకు చనిపోతున్నాయో అంతుపట్టని ఇళ్లలో మొదట చూడవలసినది వంటింటి యంత్రం మీద రాసి ఉన్న అక్షరాలను, ఆ తరువాత తొట్టి పైపులలో ఎక్కడైనా ఇత్తడి బిగింపు ఉన్నదేమోనని.

శుద్ధ నీటిలో కలపవలసిన ఉప్పు విషయంలో శ్రీకాకుళం జిల్లావారికి నౌపడా ఉప్పు మడులు గుర్తుకు రావచ్చు. అయితే మడిలో ఉప్పు పండే తీరును గమనిస్తే కల్లుప్పు తొట్టికి ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. సముద్రపు నీరు ఎండకు చిక్కబడే కొద్దీ ముందుగా సున్నపు పదార్థం, తరువాత జిప్సం అడుగుకు దిగిపోతాయి. ఆ పైన సోడియం క్లోరైడ్ స్ఫటికాలుగా గట్టిపడుతుంది. మెగ్నీషియం, పొటాషియం మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు. అంటే ఉప్పు మడి సముద్రపు నీటిని విడదీసి అందులో ఒక్క భాగాన్ని మాత్రమే ఇంటికి పంపుతుంది, తొట్టికి మాత్రం అన్ని భాగాలూ సరైన నిష్పత్తిలో కావాలి. అక్వేరియంల కోసం తయారైన సింథటిక్ రీఫ్ సాల్ట్‌నే వాడాలి. 100 లీటర్ల నీటికి సుమారు మూడున్నర నుంచి నాలుగు కిలోల వరకు పడుతుంది. వేరే డబ్బాలో నీటిని కదిలిస్తూ ఉప్పును కొద్దికొద్దిగా వేసి, పూర్తిగా కరిగి, తొట్టి ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాతే పోయాలి. జీవులున్న తొట్టిలో ఉప్పు పొడిని నేరుగా వేయరాదు. పొరుగున ఉన్న దుర్గ్ నుంచి విశాఖపట్నానికి 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ రైలు నడుస్తున్నందున సముద్రం దగ్గరైనట్టు అనిపించి, డబ్బాలతో సముద్రపు నీరు తెచ్చుకునే ఆలోచన కొందరికి రావచ్చు. ఓడరేవు ఉన్న నగరపు ఒడ్డున ముంచిన నీటిలో నూనె, మురుగు, పరాన్నజీవులు ఉండే అవకాశం ఎక్కువ కనుక ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

ఉప్పదనాన్ని లవణీయత అంటారు. 1,000 గ్రాముల నీటిలో 35 గ్రాముల లవణాలు ఉండటం సముద్రపు సగటు. దీనిని కొలవడానికి తేలే హైడ్రోమీటర్ కన్నా రిఫ్రాక్టోమీటర్ నమ్మదగినది, దానిని కూడా మామూలు నీటితో కాక 35 పాళ్ల ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి. తొట్టి నీరు ఆవిరైనప్పుడు నీరు మాత్రమే పోతుంది, ఉప్పు పోదు. కనుక రోజూ తగ్గిన మేరకు ఉప్పు లేని శుద్ధ నీటినే పోయాలి. 200 లీటర్ల తొట్టి నుంచి మే నెలలో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతున్నదనుకుంటే, ఐదు రోజులు పట్టించుకోని ఇంట్లో 180 లీటర్లే మిగిలి లవణీయత 35 నుంచి దాదాపు 39కి చేరుతుంది. ఆరో రోజు కంగారుపడి ఇరవై లీటర్లు ఒక్కసారిగా పోస్తే ఆ కుదుపు మొదటి నష్టానికి తోడవుతుంది. నీటి మట్టాన్ని గమనించి తానే నీరు చేర్చే ఆటో టాప్-అప్ పరికరం విలాసవస్తువు కాదు. భిలాయి వేసవిలో లైటు కన్నా ముందు కొనవలసిన వస్తువు అదే.

భిలాయి తొట్టికి పెద్ద శత్రువు వేడి. రీఫ్ తొట్టి నీరు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, మే నెలలో బయట పాదరసం 45కు అటూ ఇటూ ఊగుతుంది. నీటి ఉపరితలం మీదుగా గాలి తోలే చిన్న ఫ్యాన్ ఈ ఊళ్లో ఊహించిన దానికన్నా బాగా పనిచేయడానికి కారణం గాలిలోని పొడిదనం. ఒక లీటరు నీరు ఆవిరైతే, 100 లీటర్ల నీటిని ఐదారు డిగ్రీలు చల్లార్చగలంత వేడి దానితోపాటు వెళ్లిపోతుంది. ఇలా ఆవిరి ద్వారా నీరు ఎంతవరకు చల్లబడగలదో తెలిపే హద్దును తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ గాలిలో చూపించే అంకె. 42 డిగ్రీల పొడి మే మధ్యాహ్నాన అది 22, 23 డిగ్రీల దగ్గర ఉండవచ్చు. అదే జులైలో వాన వెలిసిన పూట గాలి 30 డిగ్రీలే ఉన్నా, తేమ నిండి ఉన్నందున తడి బల్బు 28 దాకా వస్తుంది. అందుకే మేలో ఆదుకున్న ఫ్యాన్ జులైలో చేతులెత్తేస్తుంది. వేసవి గడిచింది కదా అని ఊపిరి పీల్చుకున్న ఇళ్లలో వానకాలపు ఉక్కపోతకే తొట్లు దెబ్బతింటాయి; ఆ నెలల్లో గదికి ఏసీగానీ తొట్టికి చిల్లర్‌గానీ తప్పదు. చిల్లర్ నీటి నుంచి లాగిన వేడిని వెనుక నుంచి గదిలోకే వదులుతుంది కనుక దానిని బీరువా అరలో మూసిపెట్టకుండా గాలాడే చోట ఉంచాలి.

కూలర్ విషయంలోనూ ఒక జాగ్రత్త కావాలి. కూలర్ పెట్టిన గది తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉంచితే తేమ పేరుకుని, తొట్టి ఫ్యాన్ ఎంత తిరిగినా నీరు ఆవిరి కాక వేడెక్కుతుంది. ఎదుటి కిటికీ తెరిచి తేమ బయటికి పోయే దారి ఇవ్వాలి. దోమల కోసం చల్లే స్ప్రేలలోని పైరిత్రాయిడ్ మందులు రొయ్యలకు, చేపలకు ప్రాణాంతకమైనవి; తొట్టి ఉన్న గదిలో వాటికి తావు ఉండకూడదు, దోమతెర వాడుకోవాలి. చలికాలంలో థర్మోస్టాట్ ఉన్న హీటర్ ఒకటి చాలు.

వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, ఉప్పు దానిని మరికొంత తగ్గిస్తుంది. 25 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఇమిడే ఆక్సిజన్, సముద్రపు నీటిలో 7 మిల్లీగ్రాములకు లోపే ఉంటుంది. గాలివాన వచ్చి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద లైటును కాక నీటిని కదిలించే పంపును నడపాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.

మొదటిసారి పెట్టేవారికి 200 లీటర్ల తొట్టి అనుకూలం. చిన్న తొట్టిలో వేడిగానీ ఉప్పుగానీ త్వరగా మారుతుంది. నీటి బరువే 205 కిలోలు, దానికి గాజు, రాయి, బల్ల తోడవుతాయి కనుక పై అంతస్తు క్వార్టర్లలో గది నడుమ కాకుండా గోడ వెంబడి, ఎండ పడని చోట నిలపాలి. రాయి, ఉప్పునీరు పెట్టిన తరువాత నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా నడపాలి. ఆ కాలంలో రాళ్ల మీద బాక్టీరియా స్థిరపడి, వ్యర్థాల నుంచి పుట్టే విషపూరితమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని తక్కువ హానికరమైన నైట్రేట్‌గా మార్చడం మొదలుపెడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపినప్పుడే మొదటి చేప రావాలి. ఈ నిరీక్షణను కుదించే ఉపాయాల మీద నమ్మకం పెట్టుకోకపోవడమే మేలు.

కొరలైన్ నాచు, నత్తలు కవచం కట్టుకోవడానికి నీటిలో కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 మిల్లీగ్రాములు ఉండాలి. కార్బొనేట్, బైకార్బొనేట్ల నిల్వను తెలిపే క్షారత డీకేహెచ్ అనే కొలమానంలో 8, 9 దగ్గర నిలవాలి. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఇనుప ఖనిజంతోపాటు సున్నపురాయి అవసరం ఏమిటో ఎరిగిన ఊరిది. నందిని గనుల నుంచి ఆ రాయి కర్మాగారానికి వస్తుంది. ఆ రాతి ముక్కను తొట్టిలో వేస్తే కాల్షియం అందుతుందనుకోవడం మాత్రం పొరపాటు, ఎందుకంటే 8.1 నుంచి 8.4 వరకు పీహెచ్ ఉండే సముద్రపు నీటిలో సున్నపురాయి కరగదు. కరిగేది సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. లీటరు శుద్ధ నీటిలో ఒకటిన్నర గ్రాముల స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్ వేసి, మూత బిగించి కదిపి, కొన్ని గంటలు కదల్చకుండా ఉంచితే పైన సున్నపు తేట నిలుస్తుంది. ఆ తేటను మాత్రమే తీసి, రోజూ ఆవిరైన నీటి బదులుగా రాత్రివేళ బొట్టుబొట్టుగా వదలాలి. రాత్రి నాచు పని ఆగిపోయి కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ దిగుతుంది కనుక అది సరైన వేళ. వెల్ల వేసే సున్నం, తాంబూలపు సున్నం కల్తీల కారణంగా ఇందుకు పనికిరావు. సున్నపు తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, ఒక్కసారిగా పోస్తే తొట్టి మొత్తం పోతుంది. కళ్లలో పడితే చూపుకు ముప్పు, చేతి తొడుగులు తప్పనిసరి.

మిగిలిన పోషకాల సంగతి కొద్ది మాటలలో చెప్పవచ్చు. సన్నని బుడగల నురగకు అంటుకునే మలిన పదార్థాన్ని గిన్నెలోకి తోసే ప్రొటీన్ స్కిమ్మర్, వారానికి పది శాతం నీటి మార్పు, చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత: ఇవి సాగుతుంటే నైట్రేట్, ఫాస్ఫేట్ అదుపులో ఉంటాయి. ఫాస్ఫేట్ మిగిలిపోతే అక్వేరియం కోసమే తయారైన ఐరన్ ఆక్సైడ్ గుళికలు దానిని పట్టుకుంటాయి.

చేపలలో క్లౌన్‌ఫిష్ మొదట ఎంచుకోదగినది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తన మండపం, విళింజం కేంద్రాలలోను, అన్నామలై విశ్వవిద్యాలయం పరంగిపేట్టైలోను వీటిని హేచరీలో పుట్టించే పద్ధతులను అభివృద్ధి చేశాయి. హేచరీ చేప తొట్టి మేతకు అలవాటుపడి ఉంటుంది, దానిని పట్టడానికి ఏ దిబ్బ మీదా సయనైడ్ చల్లవలసిన అవసరం ఉండదు, సముద్రంలో దానికి ఆశ్రయమిచ్చే అనిమోన్ లేకపోయినా అది హాయిగా బతుకుతుంది. జంటలో పెద్దది ఆడది, రెండోది మగది. ఆడది పోతే మగదే ఆడదిగా మారుతుంది. గుండీ పాలిప్‌ల వంటి మెత్తని జీవులను కాగితాలతో తెచ్చుకున్నవారు, వాటిలో కొన్నింట పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుందని తెలుసుకుని, అవి ఉన్న రాయిని ఎన్నడూ వేడినీటిలో మరిగించరాదు, గీకరాదు.

చెన్నై నుంచో విశాఖ నుంచో చేప సంచిలో భిలాయి చేరేసరికి చాలా గంటలు గడుస్తాయి. ఆ వ్యవధిలో చేప విడిచిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచి నీటి పీహెచ్ దిగి ఉంటుంది. అందుకే పేరుకున్న వ్యర్థం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో నిలిచి ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి, పీహెచ్ పైకెక్కి, అమ్మోనియం నిమిషాల్లో విషపు అమ్మోనియాగా మారుతుంది. కనుక సంచిని విప్పకుండా ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి ఉష్ణోగ్రత సమం చేయాలి. ముందే సంచి నీటి లవణీయతకు తెచ్చి ఉంచిన క్వారంటైన్ తొట్టిలోకి, సంచి విప్పిన వెంటనే, సంచి నీరు చేరకుండా చేపను వదలాలి. గంటల తరబడి బొట్టుబొట్టుగా నీరు కలిపే పద్ధతి దగ్గరి దుకాణం నుంచి తెచ్చిన చేపకు సరిపోతుంది గానీ దూరప్రయాణం చేసిన చేపకు కీడు చేస్తుంది. క్వారంటైన్‌లో కనీసం నాలుగు వారాలు ఉంచి, తెల్లని చుక్కలతో బయటపడే క్రిప్టోకారియన్ పరాన్నజీవి కనిపిస్తే రాగి మందు ఆ తొట్టిలోనే వాడాలి. ప్రధాన తొట్టిలో ఒక్కసారి వాడినా రాళ్లు దానిని పీల్చుకుని చాలాకాలం విడుదల చేస్తూనే ఉంటాయి.

సంక్రాంతికో వేసవి సెలవులకో కుటుంబమంతా ఊరికి వెళ్లేటప్పుడు, రోజువారీ మేతను చిన్న పొట్లాలుగా కట్టి తేదీలు రాసి ఇరుగుపొరుగువారికి ఇవ్వాలి, డబ్బా మొత్తం అప్పగించరాదు. టాప్-అప్ డబ్బాలో సరిపడా నీరు నింపి, ప్లగ్గుల మీద తెలుగులోనో హిందీలోనో పేర్లు అంటించి వెళ్లాలి. పదవీ విరమణతో క్వార్టర్ ఖాళీ చేయవలసినవారు తొట్టి తరలింపును నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య పెట్టుకుని, రాళ్లను తడి ఆరనీయకుండా పాత నీటిలోనే ముంచి తీసుకువెళ్లి, కొత్త చోట అమ్మోనియా పరీక్ష సున్నా చూపేదాకా చేపలను వేరే డబ్బాలో గాలి పంపుతో ఉంచాలి. తొట్టి నుంచి తీసేసిన ఉప్పునీటిని మురుగు కాలువలోకి వదలాలి గానీ పెరటి మొక్కల పాదులలో పోయరాదు.